దస్త్రం కరణం ఇంట్లో ఉన్న రోజులు

1984 జనవరి 6. సంక్రాంతికి ఇంకా వారం ఉంది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయి ఏడాది నిండబోతోంది. ఆ రోజు వచ్చిన ఒక ఆర్డినెన్సుతో కరణం, మునసబు, పటేల్, పట్వారీ అనే ఉద్యోగాలు ఆంధ్రప్రదేశ్ మొత్తంలో రాత్రికి రాత్రే రద్దయిపోయాయి. తరతరాలుగా ఊరి లెక్కలు రాసిన ఇళ్ళలో దస్త్రం మూటలు కట్టి తాలూకా కచేరీకి పంపాల్సి వచ్చింది. అరవై దాటిన వాళ్ళు నలుగురు అరుగు మీద కూర్చుంటే ఈ ముచ్చట రాకుండా ఉండదు. పీడ వదిలిందని ఒకరు అంటే, ఊరికి లెక్క తెలిసిన మనిషే లేకుండా పోయాడని ఇంకొకరు అంటారు.

రెండూ నిజమే. ఆ పదవిని తీసెయ్యడం న్యాయం. ఆ పదవిలో జరిగే పనిని మాత్రం తర్వాత ఎవరికీ పూర్తిగా అప్పజెప్పలేదు. ఇవాళ తహసీల్దారు ఆఫీసుల దగ్గర కనిపించే భూమి తగాదాల్లో చాలా వాటి మొదలు అక్కడే ఉంది. ఇది తెలియాలంటే ముందు ఆ దస్త్రంలో ఏముండేదో, ఎప్పుడెప్పుడు ఏం రాసేవారో చూడాలి.

కోస్తాలో, రాయలసీమలో కరణం లెక్కలు రాసేవాడు, మునసబు శిస్తు వసూలు చేసేవాడు. చిన్న చిన్న దావాలు విచారించడం, జనన మరణాల లెక్క మునసబు పని. వీళ్ళ కింద తలారి, వెట్టి, నీరుగంటి ఉండేవారు. తెలంగాణలో పట్వారీది లెక్క, మాలీ పటేల్‌ది వసూలు, పోలీస్ పటేల్‌ది శాంతిభద్రతల పని. పేర్లు వేరైనా అమరిక ఒకటే. రాసే చెయ్యి, వసూలు చేసే చెయ్యి వేరువేరుగా ఉండాలన్నది అందులోని తెలివి. డబ్బు ముట్టినవాడు పుస్తకం రాయడు, పుస్తకం రాసినవాడు డబ్బు ముట్టడు. ఇద్దరూ ఒకటైన ఊళ్ళో రైతు పని అయిపోయినట్టే. అలాంటి ఊళ్ళూ తక్కువేం లేవు.

కాగితం రాకముందు ఈ లెక్కలు కవిలెల్లో, అంటే పాతకాలపు లెక్కల కట్టల్లో ఉండేవి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్ర వివరాలు సేకరించినప్పుడు కరణాల దగ్గరున్న దండకవిలెలే వాళ్ళకు పెద్ద ఆధారం. అంటే మన ఊళ్ళ చరిత్రలో కొంత భాగం మనదాకా వచ్చింది శిస్తు లెక్కలు రాసినవాళ్ళ పుణ్యమే. 1800లో సీడెడ్ జిల్లాలకు (రాయలసీమ, బళ్ళారి ప్రాంతం) ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతువారీ పద్ధతిని నిలబెట్టినప్పుడు కూడా అదే జరిగింది. ప్రతి రైతుతో సర్కారు నేరుగా లెక్క చూసుకోవాలంటే ప్రతి ఊళ్ళో చదవను రాయను వచ్చిన ఒక మనిషి కావాలి. ఆ మనిషి కరణమే.

ఇక పని. లెక్కకు ఏడాది జనవరిలో మొదలు కాదు. ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆర్డినెన్సు వచ్చింది ఫసలీ 1393లో, అంటే 1983 జూలై నుంచి 1984 జూన్ వరకు నడిచిన ఏడాదిలో. పాత నకలు చేతికొస్తే ముందు చూడాల్సింది ఈ అంకెనే. ఫసలీని ఏడాది అటూ ఇటూగా చదివి, క్రయ దస్తావేజుకు ముందున్న ఎంట్రీని తర్వాతదిగా చూపించి కేసులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

తొలకరి పడి విత్తనాలు పడ్డాక కరణం అడంగలు, అంటే ఊరి సాగు వివరాల పుస్తకం పట్టుకుని పొలాల మీదికి వెళ్ళాలి. సర్వే నంబరు, సబ్ డివిజను, విస్తీర్ణం, మెట్టా మాగాణా, నీళ్ళు చెరువువా కాలువవా, పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, అనుభవం ఎలా వచ్చింది, ఏ పైరు ఎన్ని ఎకరాల్లో ఉంది అన్నీ గడి గడిగా నింపాలి. ఇందులో అసలైన గడి అనుభవదారుది. పట్టాదారు పేరు ఏళ్ళ తరబడి మారకపోవచ్చు. అనుభవదారు పేరు మాత్రం ఏటా కొత్తగా చూసి రాయాల్సిందే. సొంతమా, కౌలా, వారసత్వమా, కొనుగోలా అని పక్కన రాసే ఒక్క మాట మీద తర్వాత ఇరవై ఏళ్ళ దావా నడుస్తుంది.

రాసినదాన్ని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, తెలంగాణలో అయితే గిర్దావరు, ఆపైన తహసీల్దారు కొన్ని నంబర్లు ఎంచుకుని పొలం దగ్గరే సరిచూసేవారు. దాన్ని అజమాయిషీ అనేవారు. సర్కారు భూమిని దున్నుకుంటున్నవాళ్ళను శివాయి జమా కింద రాసి బి-మెమో ఇచ్చేవారు. అది జరిమానా కాగితమే అయినా పోరంబోకు చేసుకుంటున్న పేదరైతు దాన్ని ఇంట్లో భద్రంగా దాచుకునేవాడు. ఆ నేల తన చేతుల్లో ఉందని సర్కారే ఒప్పుకున్న రుజువు ఆయనకు అదొక్కటే. ఫసలీ ముగిశాక జమాబందీ జరిగేది. పై అధికారి ముందు ఊరి లెక్కలన్నీ పరిచి, ఎంత శిస్తు రావాలి, ఎంత వచ్చింది, ఏ పేరు ఎందుకు మారిందని అడిగి, తప్పులు దిద్ది సంతకం పెట్టి ఆ ఏడాది పుస్తకం మూసేవారు.

చూడటం, రాయడం, సరిచూడటం, మూసెయ్యడం. ఈ నాలుగూ ఏటా జరిగితేనే రికార్డు బతికున్నట్టు.

కొలత సంగతి కూడా చెప్పుకోవాలి, ఇవాళ రీసర్వే గొడవలన్నీ దానితోనే కదా. ఆంధ్ర ప్రాంతంలో సర్వే గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. ఎకరానికి వంద సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. నిజాం ఇలాకాలో గొలుసు 33 అడుగులు. ఒక చదరపు గొలుసు ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. నలభై గుంటలైతే ఎకరం. గుంటకు పదహారు అణాలు. ఆంధ్రలో ఎఫ్.ఎం.బి., తెలంగాణలో టిప్పన్ అనే కాగితం మీద పొలం బొమ్మ గీసి, మధ్యలో ఒక గీత లాగి, దాని నుంచి కుడికీ ఎడమకీ మలుపు మలుపుకీ ఎన్ని లింకులో అడ్డకొలతలు రాసేవారు. రాళ్ళు పోయినా ఆ అంకెలు ఉంటే గట్టు మళ్ళీ పెట్టొచ్చు.

గొలుసు వాడగా వాడగా కడియాలు అరిగి సాగుతుంది. వంద లింకుల గొలుసు ఒక్క లింకు సాగిందనుకోండి, పొడవు నూటికి ఒక పాలు తక్కువ పడుతుంది, విస్తీర్ణం నూటికి రెండు పాళ్ళు తగ్గుతుంది. నేల మీద నిండు ఎకరం ఉన్నా కాగితం మీదికి 98 సెంట్లే ఎక్కుతాయి. మిట్టపల్లాలున్న చోట గొలుసును మట్టంగా పట్టకుండా వాలు మీదే పరిచి కొలిస్తే దీనికి ఎదురు తప్పు జరిగి, లేని నేల కాగితం మీద పుడుతుంది. 2020 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లతో కొలిచినప్పుడు చాలామంది రైతులు 'మా పొలం తగ్గింది' అని గగ్గోలు పెట్టడానికి ఇదొక కారణం. గట్లు జరగడం, డొంకలు కలిసిపోవడం ఇంకో కారణం. ఉమ్మడిగా ఉన్న పొలాలను విడదీయకుండా ఒకే ఎల్.పి. (ల్యాండ్ పార్సిల్) నంబరు కింద కలిపి చూపడం అన్నిటికంటే పెద్ద చిక్కు. యంత్రం కొలిచిన అంకె తప్పని ఎవరూ అనలేరు. పాత అంకె ఎందుకు వేరుగా ఉందో రైతు పక్కన కూర్చుని విడమర్చి చెప్పే మనిషి లేకపోవడమే అక్కడ లోటు.

ఇంత పద్ధతిగా ఉన్న ఏర్పాటును ఎందుకు తీసేశారన్న ప్రశ్నకు జవాబు ఆ పద్ధతిలోనే ఉంది. పుస్తకం ఒక కుటుంబం సొత్తయిపోయింది. తండ్రి తర్వాత కొడుకు, వాడు మైనరైతే వాడి పేరున గుమాస్తా. వంశపారంపర్యంగా ఊరి ఉద్యోగం ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. ఆ కేసు మన తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవి గురించినదే. పుట్టుకను బట్టి ప్రభుత్వ ఉద్యోగంలో తేడా చూపకూడదన్న రాజ్యాంగంలోని 16వ అధికరణం ఒక చిన్న పల్లెటూరి మునసబు కుర్చీ దాకా వచ్చిందని తలచుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది. తమిళనాడు 1980లో ఈ పదవులు రద్దు చేసింది. మనం 1984లో చేశాం. సుప్రీంకోర్టు 1985లో మన చట్టాన్నీ సమర్థించింది. అర్హతలున్న పాతవాళ్ళు కొందరు తర్వాత కొత్త ఉద్యోగాల్లోకి వచ్చారు.

కోర్టు మాట అటుంచినా ఊళ్ళలో ఉన్న బాధ చిన్నది కాదు. చదువు రాని రైతు చేతిలో రసీదు ఉంటుంది, అందులో ఏం రాశారో తెలియదు. 'కరణం గారూ, మా నాయన పోయాడు, పొలం మా అన్నదమ్ముల పేర రాయండి' అని వచ్చినవాడు ఎన్ని కోతలకు వడ్లు మోస్తే ఆ పేరు ఎక్కుతుందో కరణం ఇష్టం. తెలంగాణలో పట్వారీ, పటేల్, దొర ఒకే గొడుగు కింద ఉన్న ఊళ్ళలో కలం పోటు ఎలా ఉండేదో సాయుధ పోరాట కాలం విన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కడ రైతులు దస్త్రాలు తగలబెట్టింది ఊరికే కాదు. 1973 భూసంస్కరణల చట్టం వచ్చాక మిగులు భూమి ఎలా చీలి ఎవరెవరి పేర్ల మీదికి పోయిందో తెలియాలంటే, ముందు వెనకల అడంగళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. సర్కారు భూమిని పంచుతూ దళితులకు ఇచ్చిన డి-ఫారం పట్టాలు కాగితం మీదే మిగిలి, నేల మాత్రం పాతవాళ్ళ చేతుల్లోనే ఉండిపోయిన ఊళ్ళూ ఉన్నాయి. కాబట్టి ఆ పదవి పోవాల్సిందే, ఇందులో నాకు రెండో మాట లేదు.

తర్వాత జరిగింది వేరు. మూటలు మాత్రం కచేరీకి వచ్చాయి, మూటల్లో ఏముందో తెలిసినవాళ్ళు రాలేదు. కొన్ని ఊళ్ళలో పుస్తకాలు పూర్తిగా అప్పగించలేదు. కొన్నిచోట్ల వచ్చినవి చెద పట్టాయి. 1985లో తాలూకాలు చిన్నవై దాదాపు 1,100 మండలాలు ఏర్పడ్డాయి. ఆఫీసు రైతుకు దగ్గరైంది, అది నిజంగా గొప్ప మేలు. కానీ తాలూకా రికార్డును ముక్కలు చేసి మండలాలకు పంచినప్పుడు రెండు మండలాల మధ్య పడి పోయిన పుస్తకాల కోసం జనం ఇప్పటికీ తిరుగుతున్నారు. గ్రామ సహాయకులు, వి.ఎ.ఓ.లు (గ్రామ పరిపాలనాధికారులు), వి.ఆర్.ఓ.లు (గ్రామ రెవెన్యూ అధికారులు) అంటూ పేర్లు మారుతూ వచ్చాయి. వాళ్ళ నెత్తిన ఎన్నికల పని, పింఛన్ల పని, వరద నష్టం లెక్క, అధికారుల పర్యటన ఏర్పాట్లు అన్నీ పడ్డాయి. పొలం మీదికి వెళ్ళి అనుభవదారు గడి నింపడం అన్నిటికంటే చివరి పనైంది. నిరుటి పుస్తకం చూసి ఈ ఏటి పుస్తకం రాసెయ్యడం అలవాటైంది. చచ్చిపోయినవాళ్ళు పదేళ్ళపాటు అడంగల్లో వరి పండించారు.

దీన్ని ఉద్యోగుల సోమరితనమని తేల్చేస్తే అన్యాయం. దీని వెనక డబ్బు లెక్క ఉంది. బ్రిటిషు వాళ్ళ కాలంలో భూమి శిస్తు సర్కారు ఆదాయానికి మూలస్తంభం. ఎంట్రీ తప్పైతే ఖజానాకే నష్టం, అందుకే ఏటా అజమాయిషీ, ఏటా జమాబందీ. స్వాతంత్ర్యం వచ్చాక శిస్తు పాత రేట్ల దగ్గరే ఆగిపోయింది. ధరలు పెరిగిన కొద్దీ దాని విలువ కరిగిపోయింది. రాష్ట్రానికి అమ్మకం పన్ను, ఎక్సైజు, రిజిస్ట్రేషను ఫీజులు ముఖ్యమయ్యాయి. వసూలు ఖర్చుకు కూడా చాలని పన్ను కోసం ప్రతి సర్వే నంబరూ ఎవరు తిరిగి చూస్తారు? శిస్తు నీరసించిన చోటల్లా దస్త్రం కూడా నీరసించింది. కరణం ఉన్నా ఇది కొంత జరిగేదే. 1984కు ముందే చాలా జిల్లాల్లో జమాబందీ మొక్కుబడి అయిపోయిందని ఆనాటి పుస్తకాలు చూస్తేనే తెలుస్తుంది. దిద్దుబాట్ల పక్కన సంతకాలు ఉండవు.

ఇప్పుడు కథ తిరగబడింది. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చి, పాసుపుస్తకం ఉన్నవాళ్ళకు పంటకు ఎకరానికి నాలుగు వేలు పడటం మొదలైంది. 2019లో పి.ఎం. కిసాన్ వచ్చింది. ఒకప్పుడు శిస్తు రాబట్టడానికి వాడిన అదే పేరు, ఇవాళ సర్కారు డబ్బు ఇవ్వడానికి ఆధారమైంది. సరిగ్గా ఆ సమయంలోనే తెలంగాణలో పహాణీ (అక్కడి అడంగలు) నుంచి అనుభవదారు గడి తీసేశారు. ఎకరం కౌలుకు చేసి అప్పులపాలైన మనిషికి రికార్డులో తన పేరు కనిపించే ఒకే ఒక్క చోటు అది. ఆంధ్రలో 2019 చట్టం కింద పదకొండు నెలల సాగు ఒప్పందం కార్డులు ఇస్తున్నారు గానీ, భూమి యజమాని సంతకం పెడితేనే కార్డు. చాలామంది యజమానులు భయపడి పెట్టరు. పాత కరణం లంచం తీసుకునైనా కౌలుదారు పేరు ఒక గడిలో రాసేవాడు. తెలంగాణలో ఆ పేరు రాయడానికి గడే లేకుండా చెయ్యడం నాకు మింగుడుపడని విషయం.

పాత రాతలు ఎంత దూరం వచ్చి కొడతాయో చుక్కల భూములు చూస్తే తెలుస్తుంది. ఆంగ్లేయుల నాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, మనవాళ్ళు డైగ్లాటు అనే పుస్తకంలో, కొన్ని సర్వే నంబర్ల ఎదురుగా పట్టాదారు గడిలో పేరు లేదు, వరసగా చుక్కలున్నాయి. అప్పటికి హక్కుదారు తేలలేదో, తరం (నేల రకం) నిర్ణయించలేదో, ఆ గడిని అలా వదిలేశారు. ఊళ్ళో ఉన్న కరణానికి ఆ చుక్కల వెనక ఎవరున్నారో తెలుసు. ఏటా అడంగల్లో ఆ పేరే రాశాడు, శిస్తు కట్టించాడు, రసీదు ఇప్పించాడు. నాలుగు తరాలు సాగు చేశాక, అమ్మకాలు కొనుగోళ్ళు జరిగాక, ఆఫీసులో కూర్చున్నవాళ్ళు పాత పుస్తకం తెరిచి పేరు లేదు కాబట్టి సర్కారు భూమే అన్నారు. అమ్మకాల రిజిస్ట్రేషను నిషేధించే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ జాబితాలోకి ఎక్కించారు. కూతురి పెళ్ళికి ఎకరం అమ్ముకోలేక నెల్లూరు, ప్రకాశం, రాయలసీమ జిల్లాల్లో రైతులు పడిన యాతన అంతా ఇంతా కాదు. 2017లో దీనికోసమే ఒక చట్టం తేవాల్సి వచ్చింది. పన్నెండేళ్ళ అనుభవం రుజువు చేసుకుంటే పేరు ఎక్కించాలని అందులో రాశారు. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా నిషేధిత జాబితా నుంచి తీశారు. ఆ రుజువు కోసం రైతులు వెతుక్కున్న కాగితాలు ఏవంటే, కరణం రాసిన అడంగళ్ళు, మునసబు ఇచ్చిన శిస్తు రసీదులు.

కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు జరిగిన తప్పులకూ ఒక పోలిక ఉంది. తెలంగాణలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరా ఇరవై అయిదు గుంటలకు ఇంకో ఎకరా ఇరవై అయిదు గుంటలు కలిపితే మూడెకరాల పది గుంటలు కావాలి. మామూలు లెక్కయంత్రం మీద 2.50 వస్తుంది. గుంటల లెక్క తెలియని ఆపరేటరు దాన్ని రెండున్నర ఎకరాలుగా ఎక్కిస్తే ముప్పై గుంటలు తేడా వస్తుంది. ఇంకోటి 'వగైరా'. పాత పుస్తకంలో 'ఫలానా రామయ్య వగైరా' అని ఉంటుంది. ఆ వగైరాలో ఎవరెవరు ఉన్నారో కరణానికి నోటికి తెలుసు, అన్నదమ్ములు నలుగురూ, వదినమ్మ పాలూ. కంప్యూటరుకు రామయ్య ఒక్కడే తెలుసు. 2020 అక్టోబరులో ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ మొదలయ్యాక ఆ ఒక్క పేరు మీదే పుస్తకం వచ్చి, మిగతా పాళ్ళవాళ్ళు కోర్టుకు పోవాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. అదే ఏడాది వి.ఆర్.ఓ.లనూ తీసేయడంతో పొలం దగ్గరికి వెళ్ళి అడిగి చెప్పే మనిషి కూడా అప్పుడు లేకుండా పోయాడు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పై అధికారులకు అప్పీలు చేసుకునే దారి మళ్ళీ తెరుచుకోవడం అందులో నాకు నచ్చిన మాట.

మీ ఇంట్లో పాత కాగితాలుంటే పారెయ్యకండి. శిస్తు రసీదు అయినా, బి-మెమో అయినా, సాదాబైనామా (రిజిస్టరు కాని అమ్మకం కాగితం) అయినా సరే. తెలంగాణవాళ్ళు 1954-55 ఖాస్రా పహాణీ, 1955-58 చెస్సలా పహాణీ, సేత్వారు (మొదటి సర్వే నాటి రిజిస్టరు) నకళ్ళు తీసి పెట్టుకోండి. సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం సేత్వారులో ఎంతుందో చూసి, ఇవాళ ఆ నంబరు కింద ఉన్న బై నంబర్ల (ఉప నంబర్ల) విస్తీర్ణాలన్నీ కూడండి. కూడిక ఎక్కువ వస్తే ఎవరికో ఒకరికి కాగితం మీదే నేల ఉన్నట్టు. ఆంధ్రవాళ్ళు డైగ్లాటు, ఎఫ్.ఎం.బి., 10(1) అనే ఖాతా రిజిస్టరు, కనీసం పన్నెండేళ్ళ అడంగళ్ళు వరసగా తీసుకోండి. మధ్యలో పేరు మారిన ఏడు దొరికితే ఆ ఏడాదికి తగ్గ దస్తావేజో, పౌతీ (వారసత్వ) కాగితమో ఉందో లేదో చూడండి. ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత పుస్తకాల్లో వెతికించాలి. మండలం ఆఫీసులో లేదంటే ఆగిపోకండి, ఆర్డీఓ ఆఫీసులో, కలెక్టరేటు రికార్డు రూములో రెండో ప్రతి ఉండే అవకాశం ఉంది. దరఖాస్తులో ఫసలీ, ఇంగ్లీషు సంవత్సరం రెండూ రాయండి, పాత తాలూకా పేరు తప్పకుండా రాయండి. ఆ మూటలు ఇప్పటికీ తాలూకా పేరుతోనే కట్టి ఉంటాయి. కొలతకు సర్వేయరును పిలిచే ముందు పక్క పొలాలవాళ్ళ దస్తావేజుల్లో చెక్కుబందీ కూడా చదవండి. నాలుగు వైపులా హద్దుల్లో మీ తాత పేరు ఏ ఏడాది దాకా ఉందో అక్కడే కనిపిస్తుంది.